మాట, మాటు: ఇసుక దీవిలో పదిహేనేళ్ళు

 

పోయిన నెల మనం వంటింటి మాటలు నేర్చుకున్నాం. ఈ నెల సముద్రం దగ్గరికి వెళ్దాం. కథ కొంచెం పొడుగు. తొందర లేదు, ఒక్కో భాగం చదివి ఆగండి. తెలియని మాట వస్తే గీత గీసుకోండి. కష్టమైన మాటలకు అర్థాలు చివర ఇచ్చాను.

ముందు రెండు మాటలు చూడండి. ఒకటి ‘మాట’. ఇంకొకటి ‘మాటు’. చివర ఒక్క అక్షరం మారింది, అర్థం పూర్తిగా మారిపోయింది. ‘మాట’ అంటే నోటితో చెప్పేది. ‘మాటు’ అంటే చిల్లు పడిన గిన్నెకు వేసే అతుకు. గిన్నెకు చిన్న రంధ్రం పడితే పారేయరు. దాని మీద చిన్న లోహపు ముక్క పెట్టి అతికిస్తారు. దాన్నే ‘మాటు వేయడం’ అంటారు. ఈ రెండు మాటలూ ఈ నెల కథలో ఉన్నాయి. ఒకచోట ఇచ్చిన మాట తప్పారు. ఇంకొకచోట గిన్నెకు మాటు మీద మాటు వేసుకుని బతికారు.

దీవి ఎక్కడ?

మన మారిషస్ నుంచి ఉత్తరం వైపు, కొంచెం పడమరకు ఓడలో వెళ్తే, 500 కిలోమీటర్లు దాటాక ఒక చిన్న దీవి వస్తుంది. ఇప్పుడు దాని పేరు త్రోమెలిన్. పాత ఫ్రెంచి పటాల్లో దాన్ని ‘ఇసుక దీవి’ అన్నారు. ఆ పేరు దానికి సరిగ్గా సరిపోతుంది. పొడవు సుమారు 1,700 మీటర్లు, వెడల్పు సుమారు 700 మీటర్లు. ఎత్తు ఏడు మీటర్లకు మించదు. వాగు లేదు, కొండ లేదు. పొట్టి పొదలు, పక్షులు, గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు. అంతే.

చుట్టూ పగడపు దిబ్బ ఉంది. మన క్రియోల్‌లో ‘బ్రిజాన్’ అంటాం కదా, అలలు విరిగే చోటు, అదే. కానీ మన ఊళ్ళలో దిబ్బకు, ఒడ్డుకు మధ్య లగూన్ ఉంటుంది. నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, పిల్లలు ఈత నేర్చుకుంటారు. అక్కడ అలాంటి నెమ్మది నీళ్ళు లేవు. పెద్ద అల నేరుగా వచ్చి ఒడ్డును కొడుతుంది. పడవ దిగడం ఈనాటికీ కష్టమే.

1761 జులై 31, రాత్రి

ఆ రోజుల్లో మారిషస్ ఫ్రెంచివాళ్ళది. పేరు ‘ఇల్ ద ఫ్రాన్స్’. ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు యుద్ధం జరుగుతోంది. ఇంగ్లీషు ఓడలు వచ్చి దీవిని చుట్టుముడతాయేమోనని గవర్నరుకు భయం. తిండి తక్కువగా ఉంది. అందుకని కొత్తగా బానిసలను తీసుకురావద్దని ఆజ్ఞ వేశాడు. తినే నోళ్ళు పెరగకూడదని ఆయన లెక్క. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ఆజ్ఞ బానిసల మీద జాలితో వేసింది కాదు.

ఫ్రెంచి ఈస్ట్ ఇండియా కంపెనీకి ‘ఉతీల్’ అనే ఓడ ఉండేది. ఫ్రెంచిలో ఆ మాటకు ‘ఉపయోగపడేది’ అని అర్థం. తిండి సామాను తీసుకురమ్మని దాన్ని మడగాస్కర్‌కు పంపారు. కెప్టెన్ పేరు లాఫార్గ్. ఆయన తిండి సామానుతో పాటు సుమారు 160 మంది మలగాసీ మనుషులను కూడా ఎక్కించుకున్నాడు. మలగాసీ అంటే మడగాస్కర్ వాళ్ళు. వాళ్ళను దొంగచాటుగా అమ్మి డబ్బు చేసుకోవాలని ఆయన ఆశ.

ఓడలో రెండు పటాలు ఉన్నాయి. ఇసుక దీవి ఒక పటంలో ఒకచోట, ఇంకో పటంలో ఇంకోచోట ఉంది. ఏది నిజమో తెలియదు. అయినా ఓడ రాత్రిపూట ఆగకుండా సాగింది. జులై 31 రాత్రి పగడపు దిబ్బను ఢీకొట్టింది.

ఇప్పుడు చెప్పేది వినడం కష్టం. ఆ మలగాసీ వాళ్ళు ఓడ అడుగున ఉన్నారు. రాత్రిపూట తిరగబడతారేమోనని పైన ఉన్న తలుపులకు మేకులు కొట్టి మూసేశారు. ఓడలోకి నీళ్ళు వచ్చాయి. లోపలివాళ్ళు బయటికి రాలేకపోయారు. ఓడ చెక్కలు విరిగి విడిపోయాకే కొందరికి దారి దొరికింది. తెల్లవారేసరికి ఓడ సిబ్బందిలో 120 మందికి పైగా ఒడ్డున ఉన్నారు. మలగాసీ వాళ్ళలో సగం మంది దాకా మునిగిపోయారు.

ఒడ్డున మంచినీళ్ళు లేవు. ఓడ నుంచి కొట్టుకొచ్చిన పీపాల్లో ఉన్న కొద్ది నీళ్ళను ఫ్రెంచివాళ్ళు తమకే ఉంచుకున్నారు. దాహంతో ఇంకొందరు మలగాసీ వాళ్ళు చనిపోయారు. తర్వాత బావి తవ్వితే ఉప్పగా ఉండే నీళ్ళు పడ్డాయి. తాగగలిగే నీళ్ళే. ఆ బావి వల్లే మిగతావాళ్ళు బతికారు.

ఇచ్చిన మాట

కెప్టెన్ మనసు చెదిరిపోయింది. ఆయన కింది అధికారి కాస్తెలాన్ పని చేతిలోకి తీసుకున్నాడు. ఓడ చెక్కలు ఏరించాడు. కొలిమి పెట్టించాడు, రొట్టెల పొయ్యి కట్టించాడు. కొత్త పడవ కట్టడం మొదలుపెట్టించాడు. ఆ పనిలో మలగాసీ వాళ్ళు కూడా చేతులు కలిపారు. రెండు నెలల్లో పడవ తయారైంది. దానికి ‘ప్రొవిదాన్స్’ అని పేరు పెట్టారు. ‘దైవకృప’ అని అనుకోవచ్చు.

కానీ అందరూ పట్టేంత పెద్ద పడవ కాదు అది.

1761 సెప్టెంబరు 27న 122 మంది ఫ్రెంచివాళ్ళు పడవ ఎక్కారు. సుమారు 60 మంది మలగాసీ వాళ్ళు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, ఒడ్డునే ఉండిపోయారు. కొన్ని నెలలకు సరిపడా తిండి వదిలి, “మళ్ళీ వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాం” అని మాట ఇచ్చారు.

పడవ నాలుగు రోజుల్లో మడగాస్కర్ చేరింది. అక్కడి నుంచి వాళ్ళు మన దీవికి వచ్చారు. ‘ఓడ పంపండి, అక్కడ మనుషులు ఉన్నారు’ అని కాస్తెలాన్ గవర్నరును అడిగాడు. గవర్నరు ఒప్పుకోలేదు. నా ఆజ్ఞ మీరి తెచ్చిన బానిసల కోసం, యుద్ధం మధ్యలో, ఓడను ఎందుకు పంపాలి? ఇదీ ఆయన వాదం. ఆ కబురు పోర్ట్ లూయీలో అందరికీ తెలిసింది. కొన్నాళ్ళు మాట్లాడుకున్నారు. తర్వాత మరచిపోయారు.

మన తెలుగులో దీన్ని ఎలా చెప్తామో చూడండి.

మాట ఇచ్చారు. అంటే చేస్తామని చెప్పారు.
మాట తప్పారు. అంటే చెప్పింది చేయలేదు.
మాట నిలబెట్టుకున్నారు. అంటే చెప్పింది చేశారు.

‘నిలబెట్టడం’ అంటే పడిపోకుండా నిలువుగా ఉంచడం. గుంజను నిలబెడతాం, పందిరిని నిలబెడతాం. మాటను కూడా అలాగే నిలబెట్టాలి. పట్టించుకోకపోతే పడిపోతుంది. తెలుగులో ఆ ఊహ నాకు చాలా ఇష్టం.

కాస్తెలాన్ మాట తప్పాడా, నిలబెట్టుకున్నాడా? నాకు ఇప్పటికీ తేల్చుకోవడం కష్టమే. ఆయన చేతిలో ఓడ లేదు. కానీ ఊరుకోలేదు. 1772లో, అంటే పదకొండేళ్ళ తర్వాత కూడా, ఫ్రాన్సులో మంత్రికి ఉత్తరం రాశాడు. మీరేమంటారో ఇంట్లో మాట్లాడుకోండి.

ఎదురుచూసినవాళ్ళు

1773లో దీవి పక్కగా వెళ్ళిన ఒక ఓడ వాళ్ళు అక్కడ మనుషులను చూశారు. కబురు తెచ్చారు. ఒక ఓడను పంపితే అది ఒడ్డుకు దగ్గర కాలేకపోయింది. 1775లో ‘సోతరెల్’ అనే ఓడ వెళ్ళింది. దాని నుంచి ఒక నావికుడు ఒడ్డు చేరాడు గానీ, సముద్రం బాగా లేక ఓడ అతన్ని కూడా అక్కడే వదిలి వెళ్ళిపోయింది. అతను కొన్నాళ్ళ తర్వాత ఒక తెప్ప కట్టాడు. ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి బయలుదేరాడు. వాళ్ళు ఏ ఒడ్డూ చేరలేదు.

చివరికి 1776 నవంబరు 29న ‘దోఫీన్’ అనే ఓడ వచ్చింది. దాని కెప్టెన్ పేరు త్రోమెలిన్. దీవికి ఈనాటి పేరు ఆయనదే. ఆ రోజు సముద్రం నెమ్మదిగా ఉంది. పడవ ఒడ్డుకు చేరింది.

ఒడ్డున ఏడుగురు ఆడవాళ్ళు, ఎనిమిది నెలల పిల్లవాడు ఉన్నారు. సుమారు 60 మందిలో మిగిలింది వాళ్ళే. ఆ పిల్లవాడు అక్కడే పుట్టాడు. వాళ్ళ ఒంటి మీద పక్షి ఈకలతో అల్లిన బట్టలు ఉన్నాయి. పదిహేనేళ్ళు గడిచాయి.

వాళ్ళను పోర్ట్ లూయీకి తీసుకొచ్చారు. వాళ్ళను ఎక్కించడమే చట్టానికి విరుద్ధం కాబట్టి వాళ్ళు బానిసలు కారని, స్వేచ్ఛ గలవాళ్ళని ఇక్కడి అధికారి మయ్యార్ తేల్చాడు. మడగాస్కర్‌కు తిరిగి వెళ్తారా అని అడిగితే, వాళ్ళు వెళ్ళమన్నారు. పిల్లవాడికి బాప్తిజం ఇచ్చి జాక్ మొయీజ్ అని పేరు పెట్టారు. ‘మొయీజ్’ అంటే మోషే, నీళ్ళ నుంచి దొరికిన బిడ్డ. తల్లి పేరు సెమియావూ. ఆమె పేరు మార్చి ఈవ్ అన్నారు. అమ్మమ్మకు ఓడ పేరే పెట్టి దోఫీన్ అన్నారు.

పేరు మార్చడం గురించి మనకు వేరే చెప్పక్కర్లేదు. మన ముత్తాతలు దిగినప్పుడు కూడా గుమాస్తా చెవికి వినబడినట్టే పేరు రాసుకున్నాడు. అప్పయ్య ఏమయ్యాడో, లచ్చమ్మ ఏమయిందో, మీ ఇంటి పేరును ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి.

తవ్వినవాళ్ళు

ఈ కథ 1781లో ఫ్రెంచి తత్వవేత్త కొందొర్సే రాసిన ఒక పుస్తకంలోకి ఎక్కింది. బానిసత్వం తప్పని చెప్పడానికి ఆయన దీన్ని ఉదాహరణగా చూపించాడు. కానీ చాలాకాలం ఆ ఆడవాళ్ళు ఎలా బతికారో ఎవరూ వివరంగా రాయలేదు. ఓడ గుమాస్తా ఒక కథనం రాశాడు గానీ, అది ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయే దాకానే. ఆ తర్వాత పదిహేనేళ్ళ మీద కాగితం లేదు. రాసేవాళ్ళు పడవ ఎక్కి వెళ్ళిపోయారు కదా.

కాగితం లేనిచోట మట్టిని అడగాలి. 2006లో మాక్స్ గెరూ అనే ఆయన అలా అడగడానికి వెళ్ళాడు. ఆయన ఒకప్పుడు ఫ్రెంచి నౌకాదళంలో అధికారి. తర్వాత మునిగిన ఓడలను పరిశోధించే పనిలోకి వచ్చాడు. ఆయనతో తోమా రొమోన్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఇంకా కొందరు వెళ్ళారు. పనికి ‘మరచిపోయిన బానిసలు’ అని పేరు పెట్టారు. యునెస్కో అండ ఉంది. 2006, 2008, 2010, 2013, మొత్తం నాలుగుసార్లు వెళ్ళారు.

ఓడ పరిశోధన అంటే మనకు వెంటనే బంగారు నాణేల పెట్టె గుర్తొస్తుంది. సినిమాల ప్రభావం అది. ఇక్కడ అలాంటిది ఏమీ లేదు. నీళ్ళలో దిగితే ఇనుప ఫిరంగులు, లంగర్లు కనబడ్డాయి. అలల దెబ్బకు చెక్క నిలవలేదు. అసలు కథ నీళ్ళలో కంటే ఒడ్డున, ఇసుక కింద ఎక్కువగా ఉంది.

వాళ్ళు ఇసుకను పొరలు పొరలుగా తీశారు. ప్రతి వస్తువు ఏ చోట, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో రాసుకున్నారు, ఫొటో తీశారు. ఎందుకంత శ్రమ? వస్తువు ఒక్కటే అయితే అది వస్తువే. అది ఉన్న చోటు తెలిస్తేనే దానికి కథ వస్తుంది. గిన్నె పొయ్యి పక్కన దొరికితే అది వంటిల్లు. గిన్నె గోడ మూల దొంతరగా దొరికితే ఎవరో కడిగి సర్దిపెట్టారని అర్థం.

ఏమేం దొరికాయో చెప్తాను.

మందమైన రాతి గోడలు దొరికాయి. పగడపు రాళ్ళు, ఒడ్డున దొరికే రాళ్ళు పేర్చి కట్టినవి. చిన్న చిన్న ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి, మధ్యలో వాకిలి. మడగాస్కర్‌లో ఆ కాలంలో బతికినవాళ్ళకు చెక్క ఇళ్ళు, చనిపోయినవాళ్ళకు రాతి సమాధులు. అది ఆచారం. కానీ ఈ దీవిలో తుఫాను వస్తే చెక్క ఇల్లు నిలవదు, చెక్క కూడా లేదు. అందుకని వాళ్ళు ఆచారం పక్కన పెట్టి రాతి ఇళ్ళలో ఉన్నారు. అది వాళ్ళకు చిన్న నిర్ణయం అయి ఉండదు.

పక్షి ఎముకలు, తాబేలు ఎముకలు చాలా దొరికాయి. అదే వాళ్ళ తిండి.

సీసపు రేకులతో చేసిన పెద్ద తొట్లు దొరికాయి. నీళ్ళు నిల్వ చేసుకోవడానికి.

నిప్పు రాళ్ళు, వాటిని కొట్టి నిప్పు పుట్టించే ఇనుప ముక్కలు దొరికాయి. పాత కథల్లో ఈ ఆడవాళ్ళు పదిహేనేళ్ళు నిప్పు ఆరనివ్వలేదని ఉంది. చెట్లు లేని దీవిలో, ఓడ చెక్కలనే పొదుపుగా వాడుతూ. ఆరినా మళ్ళీ వెలిగించుకునే సాధనం వాళ్ళ దగ్గర ఉందని ఇసుక చెప్పింది.

రాగి గాజులు, ఉంగరాలు, సన్నని గొలుసులు దొరికాయి. ఓడ రాగిని కొట్టి చేసుకున్నవి. ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. తినడానికి పక్షులు తప్ప ఏమీ లేని చోట ఎవరో కూర్చుని గాజు చేసుకున్నారు. ఎవరి చేతికో తొడిగారు. వాళ్ళను ‘బానిసలు’ అని ఒక్క మాటతో పిలిచి ఊరుకోలేం. వాళ్ళు మనుషులు. ఇల్లు కట్టుకున్నారు, అలంకరించుకున్నారు, బిడ్డను కన్నారు.

ఇక చివరిగా, గిన్నెలు.

మాటు

ఓడ నుంచి వచ్చిన రాగి గిన్నెలు కొన్నే. కొత్తవి రావు. చిల్లు పడితే వాళ్ళు చిన్న రాగి ముక్క కత్తిరించి, అంచులకు రంధ్రాలు చేసి, రాగి మేకులతో బిగించి మూశారు. మళ్ళీ చిల్లు పడితే మళ్ళీ మాటు. మాటు పక్కన మాటు. కొన్ని గిన్నెలకు అలా ఎన్నోసార్లు బాగు చేసిన గుర్తులు ఉన్నాయి. ఆ గిన్నెల ఫొటో ఎక్కడైనా కనబడితే చూడండి. అసలు గిన్నె ఎంతో, మాట్లు ఎంతో చెప్పలేం.

ఆ ఫొటో చూసినప్పుడు నాకు మా నాయనమ్మ చెంబు గుర్తొచ్చింది.

మా ఇంట్లో ఒక ఇత్తడి చెంబు ఉండేది. అడుగున రెండు మాట్లు. అది ఓడలో వచ్చిందని నాయనమ్మ చెప్పేది. ఎవరు తెచ్చారు, కోరంగి నుంచా, విశాఖపట్నం వైపు నుంచా, నేను అడగలేదు. చుట్టాలు వస్తే నేను ఆ చెంబును అలమరలో వెనక్కి తోసేదాన్ని. కొత్త గాజు గ్లాసులు ముందు పెట్టేదాన్ని. నాయనమ్మ మాత్రం అందులోనే తాగేది. “మాటు పడిన చెంబు గట్టిదే. కారితే కదా పారేసేది?” అనేది.

ఆమె పోయాక ఇల్లు ఖాళీ చేశాం. పాత సామాను కొనేవాడు వచ్చాడు. ఇత్తడిని తూకం వేసి కొంటానన్నాడు. నేనే ఆ చెంబును తెచ్చి అతని త్రాసులో పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఎన్ని రూపాయలు వచ్చాయో కూడా గుర్తు లేదు.

గవర్నరు ఓడ పంపలేదని, ఊరంతా మరచిపోయిందని పైన రాశాను. రాసేటప్పుడు కోపం వచ్చింది. కానీ చెంబు సంగతి గుర్తొస్తే, మరచిపోవడానికి చెడ్డవాళ్ళే కానక్కర్లేదని అర్థమవుతుంది. అడగకపోతే చాలు.

మన ఓడలు

బానిసలు వేరు, ఒప్పందం మీద వచ్చిన కూలీలు వేరు. ఈ తేడాను మరచిపోకూడదు. మన పెద్దలు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చారు. మలగాసీ వాళ్ళను అమ్మారు. ‘మా కష్టమూ వాళ్ళ కష్టమూ ఒకటే’ అని మనం అనకూడదు. మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. దానికి మూడు నెలల ముందు, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ ఓడ 36 మంది కూలీలతో వచ్చింది. వాళ్ళు చెరకు తోటల్లో వదిలిన పనికే మన వాళ్ళను తెచ్చారు. అందుకే వాళ్ళ కథ తెలియకపోతే మన కథ సగమే తెలిసినట్టు.

మన వాళ్ళ ఓడలూ కొన్ని మునిగాయి. 1884 మే 11న, కలకత్తా నుంచి ఫిజీకి 497 మంది కూలీలతో వెళ్తున్న ‘సిరియా’ ఓడ నసిలాయి దగ్గర పగడపు దిబ్బకు తగిలి విరిగింది. 59 మంది చనిపోయారు. ఆ రోజు మాత్రం సహాయం వెళ్ళింది. డాక్టర్ విలియం మెక్‌గ్రెగర్ అనే అధికారి తానే అలల్లోకి దిగి మనుషులను మోసుకొచ్చాడు. మన తెలుగువాళ్ళు ఫిజీకి వెళ్ళడం ఆ తర్వాత, 1903 నుంచి. అయినా ఆ 59 మందిని మన వాళ్ళే అనుకోవడంలో తప్పు లేదు.

ఇంకో చిన్న సంగతి. నీళ్ళలో వందేళ్ళకు పైగా ఉన్న ఓడలను లాభం కోసం తవ్వి అమ్ముకోకూడదని, వీలైతే ఉన్నచోటే కాపాడాలని యునెస్కో ఒక అంతర్జాతీయ ఒప్పందం చేసింది. అది 2001 నవంబరు 2న జరిగింది. నవంబరు 2 మనకు ఏ రోజో చెప్పక్కర్లేదు. ఆ తేదీ కావాలని పెట్టింది కాదు, అలా కలిసింది. కానీ ఇక నుంచి ఆప్రవాసీ ఘాట్ మెట్ల దగ్గర పూలు పెట్టేటప్పుడు నాకు ఆ ఏడుగురు కూడా గుర్తొస్తారు. వాళ్ళూ ఇదే రేవులో దిగారు. ఆ మెట్లు అప్పటికి ఇంకా కట్టలేదు, అంతే తేడా.

ఈ నెల మాటలు

దిబ్బ: నీళ్ళలో గానీ నేల మీద గానీ ఎత్తుగా ఉన్న చోటు. పగడపు దిబ్బ, ఇసుక దిబ్బ.
లంగరు: ఓడ కదలకుండా నీళ్ళలోకి దించే బరువైన ఇనుప కొక్కెం. ‘లంగరు వేయడం’ అంటే ఓడను ఆపడం.
తెప్ప: దుంగలు కట్టి చేసిన చదునైన పడవ.
కొలిమి: ఇనుమును కాల్చి వంచే పొయ్యి.
పీపా: నీళ్ళు, నూనె నిల్వ చేసే గుండ్రని చెక్క పాత్ర.
దొంతర: ఒకదాని మీద ఒకటి పేర్చినవి. గిన్నెల దొంతర.
దొంగచాటుగా: ఎవరికీ తెలియకుండా.
రేవు: ఓడలు ఆగే చోటు.
మాటు: లోహపు గిన్నెకు వేసే అతుకు. ఒకటైతే మాటు, రెండైతే మాట్లు. జాగ్రత్త, ‘మాటు వేయడం’ అంటే ఎవరినైనా పట్టుకోవడానికి దాక్కుని కూర్చోవడం అనే అర్థం కూడా ఉంది. ‘గిన్నెకు’ అని ముందు చెప్తే తేడా తెలుస్తుంది.

ఈ నెల పని

ఒకటి. ‘మాట ఇచ్చాను’, ‘మాట తప్పాను’, ‘మాట నిలబెట్టుకున్నాను’. ఈ మూడింటితో మీ గురించే మూడు వాక్యాలు రాయండి. రెండోది రాయడానికి సిగ్గుపడకండి. నాది పైన రాశాను.

రెండు. ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువును ఎంచుకోండి. గిన్నె, రోలు, దీపం, కత్తి, ఏదైనా సరే. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి ఇలా అడగండి: “ఇది ఎవరిది? ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు వాడేవాళ్ళు?” నాయనమ్మను అడిగితే “నాయనమ్మా, ఇది ఎవరిదో చెప్తారా?” అనండి. వాళ్ళు క్రియోల్‌లో చెప్తే క్రియోల్‌లోనే వినండి. తర్వాత ఐదు వాక్యాలు తెలుగులో రాసి, ఆ కాగితం ఆ వస్తువు లోపలే పెట్టండి. వస్తువును కడిగి మెరిపించవద్దు, మాట్లు ఊడదీయవద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచండి. త్రోమెలిన్‌లో తవ్వినవాళ్ళు కూడా ముందు అదే చేశారు.

మీ పెద్దలు ఏ ఓడలో వచ్చారో తెలుసుకోవాలంటే, వలస వచ్చినవాళ్ళ పాత పుస్తకాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వెళ్ళే ముందు ఇంటి పేరును ఎన్ని రకాలుగా రాయవచ్చో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. గుమాస్తా ఎలా రాశాడో మనకు ముందే తెలియదు కదా.

మీ ఐదు వాక్యాలు నాకు పంపండి. తప్పులు ఉన్నా పరవాలేదు. వచ్చే నెల కొన్ని ఇక్కడ వేస్తాం. నేను మాట ఇస్తున్నాను.

ఉంటాను. అందరూ బాగుండండి.